తొమ్మిదో గంట దాటిన మబ్బు

ఆ రోజు కూడా మబ్బు తొమ్మిదో గంటకే ప్రాణం విడిచింది.

ఆమె కుర్చీలో వెనక్కి వాలి కంప్యూటరు తెర వంక చూస్తూ ఉండిపోయింది. తెర మీద నీలం గీత మబ్బులో ఎంత నీరుందో చూపిస్తుంది, తెల్ల గీత ఎంత మంచుందో చూపిస్తుంది. ఎనిమిది గంటల దాకా రెండూ పక్కపక్కనే బుద్ధిగా నడిచాయి. ఆ తరవాత నీలం గీత గబగబా మెట్లు దిగి, సున్నా మీద చాప పరుచుకుని పడుకుంది.

నాలుగేళ్లుగా ఇదే వరస. ఉత్తర ధ్రువం దగ్గర గడ్డకట్టిన సముద్రం మీద, బాగా కిందుగా పరుచుకునే మబ్బులుంటాయి. సున్నాకి పదిహేను డిగ్రీల కింద చలిలో కూడా వాటిలోని నీటి బొట్లు గడ్డకట్టవు. వాటి మధ్యనే మంచు స్ఫటికాలూ తిరుగుతుంటాయి. ఒకే వంటింట్లో ఇద్దరు తోడికోడళ్ల కాపురం అది. స్ఫటికం గాలిలోని ఆవిరిని లాక్కుని పెరుగుతుంది. ఆ లోటు పూడ్చడానికి నీటి బొట్టు తాను ఆవిరైపోతుంది. లెక్క ప్రకారమైతే మంచు ఆ నీరంతా మింగి, బరువెక్కి రాలిపోవాలి, మబ్బు విడిపోవాలి. నిజం మబ్బు మాత్రం ఆ లెక్కని ఖాతరు చేయదు. ఓడ మీద వెళ్లినవాళ్లు కొలిచి తెచ్చిన మబ్బు నాలుగు రోజులు చెక్కుచెదరకుండా నిలబడింది. కింద ఉన్న సముద్రపు మంచుకి ఆ మబ్బే దుప్పటి. దుప్పటి ఉంటే మంచు కరగడం ఒక తీరు, లేకపోతే ఇంకో తీరు. అందుకే ఆ నాలుగు రోజుల మబ్బుని కంప్యూటరులో మళ్లీ పుట్టించాలని ఆమెకి అప్పగించారు. ఆమె పుట్టించిన మబ్బేమో తొమ్మిది గంటలు బతికేది.

ఆఫీసులో అందరూ ఆమెని మబ్బులమ్మ అనేవారు. సిటీ బస్సు నడిపే ఆమె భర్త సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు విప్పుతూనే అడిగేవాడు.

“ఏమంది ఇవాళ?”

“తొమ్మిది.”

“నా బస్సే నయం. పది గంటలు నడిచి గానీ ఆగదు.”

ఆమె నవ్వేది. నవ్వు అయిపోయాక మళ్లీ అదే గుబులు. మబ్బుని బతికించే దొంగదారి ఒకటి ఆమెకి తెలుసు. స్ఫటికాల సంఖ్యని పదో వంతుకి తగ్గిస్తే చాలు, మబ్బు హాయిగా వారం రోజులు ఉంటుంది. కానీ ఆ సంఖ్య ఓడ వాళ్లు చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే లెక్కపెట్టి తెచ్చింది. దాన్ని తగ్గించడమంటే జవాబు ముందు రాసుకుని లెక్క తరవాత చేసినట్టే. రెండుసార్లు తగ్గించి చూసుకుంది. రెండుసార్లూ అన్నం సహించక మళ్లీ మార్చేసింది.

ప్రాజెక్టు ముగియడానికి ఇంకా అయిదు నెలలున్నాయనగా డైరెక్టరు గారు పిలిచారు.

“కింద చల్లగది మూసేస్తున్నామమ్మా. మాస్టారు ఈ నెలాఖరుకి రిటైరవుతున్నారు. ఆయన బీరువాలో పాత నోటు పుస్తకాలున్నాయి. ఏవి ఉంచాలో, ఏవి పారెయ్యాలో నువ్వు చూసి ఒక కాగితం రాసిచ్చెయ్.”

చల్లగది భవనంలో అన్నిటికన్నా అడుగు అంతస్తులో ఉంది. అక్కడ పనిచేసే టెక్నీషియన్‌ని అందరూ చల్లగది మాస్టారు అంటారు. ఆయన ఎవరికీ పాఠం చెప్పింది లేదు. తలుపు తీసి పెట్టి ఎవరైనా రెండు నిమిషాలు మాట్లాడితే బెత్తం పట్టుకున్నవాడిలా గదమాయిస్తాడు, అందుకని ఆ పేరు. ఎనిమిదేళ్లుగా ఆ భవనం మూడో అంతస్తులో పనిచేస్తున్నా, ఆమె ఆయనతో మెట్ల దగ్గర తల ఊపడమే తప్ప మాట కలిపింది లేదు.

ఆమె తలుపు తోసి నమస్కారం పెట్టబోయింది.

“తలుపు వెయ్యమ్మా ముందు! నమస్కారాలు తరవాత.”

లోపల చలి ఎముకల్లోకి దిగేలా ఉంది. గోడకి తగిలించిన పాత కోటు ఆయనే తీసి ఇచ్చాడు. చేతులు రెండంగుళాలు పొడుగు, జేబులో ఎవరిదో పెన్సిలు ముక్క. గది మధ్యలో ఆయన బాక్సు ఉంది. మనిషి నడుమెత్తు ఉన్న ఇనుప పెట్టె, ముందు గాజు కిటికీ, దానికి ఆనించి మైక్రోస్కోపు. పెట్టెలో పై నుంచి వెంట్రుక కన్నా సన్నని గాజు పోగు ఒకటి వేలాడుతోంది. ఆ పోగు కొసన ఒక్కొక్కటిగా మంచు స్ఫటికాలు పుట్టించి, అవి ఎంత వేగంగా ఎలా పెరుగుతున్నాయో కొలవడం ఆయన పని. ముప్పై ఏళ్ల పని.

“పుస్తకాలు చూసి, ఉంచాలో పారెయ్యాలో రాయమన్నారు మాస్టారూ,” అంది ఆమె, తప్పు చేసినదానిలా.

“చూడమ్మా, చూడు. ఇన్నాళ్లూ వాటిని దుమ్ము ఒక్కటే చూసింది. మనిషి చూస్తానంటే నాకేం కష్టం?”

ముప్పై ఒక్క పుస్తకాలు. అట్టల మీద అంకెలు, లోపల చీమల బారులాంటి రాత. ప్రతి పేజీలో స్కేలుతో గీసిన గళ్లు: తేదీ, గంట, చలి, తేమ, వెడల్పు, మందం. అన్నిటికన్నా చివర సన్నగా ఇంకో గడి ఉంది. దాని నెత్తిన ‘పు.ఇ.’ అని రాసి ఉంది.

“ఇదేంటి మాస్టారూ, పు.ఇ.?”

ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. “అది నన్నెవరూ రాయమనలేదులే. పుట్టిల్లు.”

“పుట్టిల్లా?”

“స్ఫటికం మొట్టమొదట ఏ చలిలో పుట్టిందో అది పుట్టిల్లు. ఆ తరవాత దాన్ని దించి పెంచిన చలి మెట్టినిల్లు. మెట్టినింటి చలి రాయడానికి గడి ముందే ఉంది. పుట్టింటికి లేదు. అందుకని నేనే ఒకటి గీసుకున్నా.”

ఆమెకి నవ్వొచ్చింది. కానీ వేలు ఆ గడి మీదే ఆగిపోయింది.

“పుట్టిన చోటుతో పనేముంది మాస్టారూ? ఇప్పుడెంత చలిలో ఉందో దాన్నిబట్టే కదా ఆకారం. పదిహేను డిగ్రీల కింద ఉంటే పలచగా, వెడల్పుగా నక్షత్రంలా పెరుగుతుంది. మా కంప్యూటరు మోడల్లో అన్నీ అలాగే రాసుకున్నాం.”

“అక్కడే పుట్టి అక్కడే పెరిగిందైతే నువ్వన్నది నిజమే. ఇరవై రెండు డిగ్రీల కింద పుట్టినదాన్ని పదిహేనుకి తెచ్చి చూశావా ఎప్పుడైనా?”

“లేదు.”

“అది పుట్టడమే పొట్టిగా, లావుగా పుడుతుంది. కిందకి దించాక మిగతావాటిలా నక్షత్రం అయిపోతుందనుకుంటాం. అవ్వదు. గంటసేపు చూసినా దాని బొద్దుతనం దానిదే. ఆవిరి కూడా తక్కువే తాగుతుంది. మెట్టినింట్లో ఎన్నాళ్లున్నా పుట్టింటి పోలిక ఎక్కడికి పోతుందమ్మా?”

ఆమె తన మబ్బుని మనసులో పైనుంచి కిందకి చూసుకుంది. మబ్బు నెత్తిన చలి ఎక్కువ. అసలు ధ్రువపు మబ్బుల్లో చాలా స్ఫటికాలు పుట్టేది ఆ నెత్తినే. అక్కడ పుట్టి, మెల్లగా కిందకి, పదిహేను డిగ్రీల పొరలోకి జారతాయి. ఆమె మోడల్లో అవి ఆ పొరలోకి అడుగు పెట్టిన క్షణాన పుట్టుపూర్వోత్తరాలు మరచిపోయి, రెక్కలు చాచుకుని, నీటినంతా ఆబగా తాగేస్తున్నాయి. అలా కాకుండా బొద్దుగానే ఉండిపోతే? తక్కువ తాగుతాయి. పైగా గుండ్రాయిలా తొందరగా రాలి మబ్బులోంచి బయటపడతాయి. అప్పుడు నీటి బొట్లకి ఊపిరి ఆడుతుంది.

“మాస్టారూ, ఒకటి పుట్టించి చూపిస్తారా?”

“కూర్చో. ఊపిరి మాత్రం పక్కకి తిప్పి వదులు. నీ నోటి ఆవిరి తగిలితే కిటికీ మసకబారుతుంది.”

ఆయన మర తిప్పి పోగుని పెట్టె పైభాగంలోని ఎక్కువ చలిలోకి ఎత్తాడు. కాసేపటికి పోగు కొసన తెల్లని చుక్క కనపడింది. ఆవగింజలో వందో వంతు ఉంటుందేమో. తరవాత దాన్ని అంగుళం అంగుళం చొప్పున కిందకి దించాడు. చంటిపిల్లని ఒళ్లోంచి ఉయ్యాలలోకి మారుస్తున్నట్టు ఉంది ఆయన చెయ్యి. ఆమె నలభై నిమిషాలు కన్ను మైక్రోస్కోపుకి ఆనించి కూర్చుంది. మెడ పట్టేసింది. కాళ్లు తిమ్మిరెక్కాయి. స్ఫటికం ఆరు పలకల చిన్న బిళ్లలా, పొట్టిగా, లావుగా, నిక్షేపంగా ఉంది. నక్షత్రం ఊసే లేదు.

ఆమె కన్ను తీసి ఆయన వైపు తిరిగింది.

“ఎనిమిదేళ్లు మీ నెత్తి మీదే కూర్చున్నాను మాస్టారూ. ఒక్కసారైనా కిందకి దిగి రాలేదు.”

“నేను మాత్రం పైకొచ్చానా? దానిదేముంది. టీ తాగుతావా?”

ఉంచాలో పారెయ్యాలో రాయమన్న కాగితం మీద ఆమె ఒక్క మాటే రాసింది: “అన్నీ ఉంచాలి.” ముప్పై ఒక్క పుస్తకాలూ రెండు అట్టపెట్టెల్లో పెట్టి, మూడు అంతస్తులూ తానే మోసుకెళ్లింది.

ఆ తరవాత మూడు వారాలు ఆమెకి అన్నం సంగతీ, ఫోను సంగతీ గుర్తులేవు. ఇన్నాళ్లూ మోడల్లో ఒక్కో స్ఫటికానికి బరువు ఒక్కటే రాసుకుంది. ఇప్పుడు ప్రతిదానికీ వెడల్పు వేరుగా, మందం వేరుగా, పుట్టిన చలి వేరుగా మోయించాలి. మాస్టారి పుస్తకాల్లోంచి పొట్టి స్ఫటికాలవన్నీ ఏరి, ఏది ఎంత తాగిందో పట్టీ తయారుచేసింది. అంతా అయ్యాక మొదటిసారి నడిపిస్తే మబ్బు అయిదో గంటకే చచ్చింది.

ఆ సాయంత్రం ఆమె మొహం చూసి భర్త జోకు వెయ్యలేదు. కూతురికి జడ వేస్తున్నవాడల్లా ఆగాడు.

“ఎంత?”

“అయిదు. ఇంతకుముందు కంటే అన్యాయం.”

అతను జడ కొసకి రిబ్బను ముడేశాడు. “బండి అస్సలు కదలకపోతే ఇంజను పాడైందనుకోవాలి. వెనక్కి పోతోందంటే ఇంజను బాగానే ఉన్నట్టు. గేరు చూసుకో.”

మర్నాడు పొద్దున్నే గేరు చూసుకుంది. నిజంగానే ఒకచోట వెడల్పు ఉండాల్సిన చోట మందం, మందం ఉండాల్సిన చోట వెడల్పు రాసేసింది. పొట్టి స్ఫటికాలన్నీ తలకిందులై సూదుల్లా పెరిగి నీటిని పీల్చేస్తున్నాయి. రెండు పదాలు అటూ ఇటూ మార్చి మళ్లీ నడిపించి, డబ్బా తీసి అన్నం తినడం మొదలుపెట్టింది.

రెండు ముద్దలు తినేసరికి తెర మీద తొమ్మిదో గంట వచ్చింది. నీలం గీత కొంచెం వంగింది. ఆమె చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. గీత వంగినట్టే వంగి, మళ్లీ నిటారుగా లేచింది. పది. పన్నెండు. ఒక రోజు. మధ్యాహ్నం మూడింటికి చూసేసరికి రెండు రోజులు. ఆఫీసు వదిలే వేళకి నాలుగో రోజు నడుస్తోంది, నీలం గీత ఇంకా నిలబడే ఉంది. ఆమె ఎంగిలి చెయ్యి ఎప్పుడో ఎండిపోయింది.

పరుగున మెట్లు దిగి కిందకి వెళ్లింది. చల్లగదికి తాళం వేసి ఉంది. మాస్టారు కంటి ఆపరేషనుకి సెలవు పెట్టారని వాచ్‌మన్ చెప్పాడు.

మర్నాడు పొద్దున అడ్రసు కనుక్కుని ఆయన ఇంటికి వెళ్లింది. రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని మీద సగం కుట్టిన చొక్కా. మాస్టారి భార్య తలుపు తీసింది.

“రామ్మా. నువ్వేనా మబ్బులమ్మవి? రోజూ నీ మాటే. మొన్న కుడికన్ను కోశారు. ముప్పై ఏళ్లు మంచు చూసీ చూసీ చివరికి కంట్లో కూడా మంచు పేరుకుందని డాక్టరుతో చెప్పా. ఆయన నవ్వాడు గానీ ఈయన నవ్వలేదు.”

మాస్టారు మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. కుడికంటికి పట్టీ ఉంది. ఎడమ కన్ను కూడా మసకేనట, దాని వంతు ఇంకో నెలకి. ఆమె తెచ్చిన గీతల కాగితం చేతిలోనే ఉండిపోయింది.

“చూపించలేను గదా పిన్నిగారూ,” అంది.

“చెప్పమ్మా. చెవులు బాగానే పనిచేస్తాయి ఈయనకి. నా మాటొక్కటే వినపడదు.”

ఆమె మంచం అంచున కూర్చుని చెప్పింది. తొమ్మిదో గంటలో గీత ఎలా వంగిందో, మళ్లీ ఎలా లేచిందో, పొట్టి స్ఫటికాలు మబ్బులోంచి ఎలా జారిపోయాయో, నాలుగో రోజుకి కూడా నీళ్లు ఎలా మిగిలాయో, ఒక్కొక్క గంటే చెప్పింది. ఆయన కదలకుండా విన్నాడు. చివరికి పట్టీ లేని కన్ను తుడుచుకున్నాడు.

“తడవకూడదన్నారు కదండీ!” అని భార్య కసిరింది.

“ఇది ఇంకో కన్నులే,” అన్నాడాయన. ఆమె వైపు తిరిగాడు. “అమ్మా, పొట్టివాటి లెక్కలు ఏ పుస్తకాల్లోంచి తీసుకున్నావు?”

“ఆరు, పద్నాలుగు, పంతొమ్మిది. పద్నాలుగులోవే ఎక్కువ.”

ఆయన మొహం వాడిపోయింది.

“పద్నాలుగు తీసెయ్యమ్మా.”

“ఎందుకు మాస్టారూ?”

“ఆ ఏడాది థర్మామీటరు చెడింది. రెండు డిగ్రీలు తప్పు చూపించేది. ఎప్పట్నుంచి తప్పు చూపించిందో తెలియలేదు. కొత్తది వచ్చాక కొన్ని పేజీలు దిద్దాను. ఇంతలో ఈవిడకి జబ్బు చేసి నాలుగు నెలలు ఆసుపత్రి చుట్టూ తిరిగాను. మిగతావి దిద్దలేదు. దిద్దాననే అనుకుంటూ వచ్చాను. నువ్విప్పుడు అంటుంటే గుర్తొచ్చింది. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ నాకు తెలుసు కదా.”

నాలుగు రోజుల మబ్బు ఆమె కళ్ల ముందే విడిపోతున్నట్టయింది. అయినా ఆమెకి కోపం రాలేదు. తాను స్ఫటికాల సంఖ్య తగ్గించి, అన్నం సహించక మళ్లీ మార్చిన రోజులు గుర్తొచ్చాయి. తనలాంటి మనిషే ఇన్నాళ్లూ మూడు అంతస్తుల కింద ఉన్నాడు.

“మంచి పని చేశారు మాస్టారూ. పేపరు అచ్చయ్యాక తెలిస్తే తల ఎక్కడ పెట్టుకునేదాన్ని?”

పద్నాలుగో పుస్తకం పక్కన పెట్టి మళ్లీ నడిపించింది. ఈసారి మబ్బు మూడు రోజుల ఒక గంట నిలబడింది. నాలుగు కాదు. ఆ తగ్గిన రోజుకి కారణం ఏమిటో తనకి తెలియదని పరిశోధన పేపర్లో ఉన్నదున్నట్టు రాసింది. ఇన్నేళ్లలో మొదటిసారి, రాసింది రాసినట్టు చదువుకుంటే పంటికింద రాయి తగల్లేదు.

పేపరు పైన తన పేరు తరవాత మాస్టారి పేరు రాసి డైరెక్టరు గారికిచ్చింది. ఆయన కళ్లజోడు సవరించుకున్నారు.

“టెక్నీషియన్లకి చివర్న కృతజ్ఞతలు చెప్పడం ఆనవాయితీ కదమ్మా. పైన పేరంటే…”

“ఆయన గడి లేకపోతే ఈ పేపరే లేదు సార్. మీరొకసారి పుస్తకం చూడండి.”

ఆమె మొదటి పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. ఆయన పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఏడో పేజీ దగ్గర ఆగిపోయారు. పుట్టింటి గడి పక్కన ఎర్ర సిరాతో ఎవరో రాశారు: ‘అనవసరమైన గళ్లు గీసి కాలం వృథా చేయవద్దు.’ ఆమె అప్పటిదాకా ఆ రాత ఎవరిదో పట్టించుకోలేదు. డైరెక్టరు గారు మాత్రం చాలాసేపు దాని వంకే చూశారు.

“ఇది నా రాతేనమ్మా. చేరిన కొత్తలో. కుర్రతనం, అంతా నాకే తెలుసనుకునేవాణ్ణి.” తరవాత పేజీ తిప్పారు. అక్కడా గడి ఉంది. ఆ తరవాత పేజీలోనూ ఉంది. “నేను వద్దన్నా గీస్తూనే ఉన్నాడు మహానుభావుడు! ఇంకా నయం, నా మాట వినలేదు.”

పేరు అలాగే ఉంచమన్నారు. చల్లగది మూసే కాగితం తెప్పించి అడ్డంగా కొట్టేశారు. ఆ సాయంత్రం తన కారులో ఆమెని ఎక్కించుకుని మాస్టారి ఇంటికి వెళ్లి, మెట్లెక్కి, ఆయాసపడుతూనే, “మాస్టారూ, ముప్పై ఏళ్ల కిందటి తప్పుకి ఇప్పుడు క్షమాపణ చెప్తే చెల్లుతుందా?” అని అడిగారు. పిన్నిగారు ఆయనకి కుర్చీ వేసి, “చెల్లుతుంది, ముందు మంచినీళ్లు తాగండి,” అంది.

రెండో కంటి ఆపరేషను కూడా అయ్యాక మాస్టారు వారానికి మూడు రోజులు వచ్చి ఇద్దరు కొత్త పరిశోధకులకి పని నేర్పడానికి ఒప్పుకున్నాడు. మొదటిరోజు ఆయన కొత్త కళ్లజోడుతో చల్లగదిలోకి అడుగు పెట్టేసరికి ఆమె అక్కడే ఉంది. అచ్చయిన పేపరు ఆయన చేతికిచ్చింది. ఆయన తన పేరు మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కున్నట్టు చదివాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

“మాస్టారూ, మీకో మాట చెప్పాలి,” అంది ఆమె. ఇంటి దగ్గర అద్దం ముందు రెండుసార్లు అనుకున్న మాటలు తీరా నోటికి రాలేదు. “నాలుగేళ్లు నేనొక్కదాన్నే ఈ పని చేస్తున్నాననుకున్నాను. ముప్పై ఏళ్ల ముందునుంచే మీరు నాకోసం చేసిపెట్టారు. మీకు తెలియకుండానే. థాంక్స్ అంటే చాలా చిన్న మాటగా ఉంది.”

ఆయన మొహం తిప్పుకుని మర మీద చెయ్యి వేశాడు.

“పెద్ద మాటలు నాకొద్దులే అమ్మా. నువ్వు కిందకి దిగొచ్చావు, అది చాలు.” తలుపు దగ్గర నిలబడ్డ ఇద్దరు కొత్త పరిశోధకుల వైపు చూశాడు. “లోపలికి రండి, రండి. బాక్సు చల్లబడింది. మొదలెడదాం.”